లెటీషియా గ్రోవ్ మీద శాఖాపరమైన విచారణ

మహేంద్రతీర విశ్వవిద్యాలయంలో విశ్వం గేటు మీది బోర్డుకు పరిమితం, విద్య పరీక్షల ముందు వారానికి పరిమితం. మిగిలింది లయం. అది మాత్రం ఏడాది పొడుగునా నిరాటంకంగా సాగుతూ ఉంటుంది.

అటువంటి చోట ఇంగ్లీషు శాఖకు పొట్నూరు ఇందుమతి గారు ఇన్‌ఛార్జ్ హెడ్డు. ఇన్‌ఛార్జ్ హెడ్డు అంటే, హెడ్డుకుండే తలనొప్పి మొత్తం ఆవిడది, హెడ్డుకుండే హోదా ఇంకా పుట్టని మరెవరిదో. ఆవిడ ప్రొఫెసర్ పదోన్నతి ఫైలు రిజిస్ట్రారు గారి బల్ల మీద ఉంది. ఆ గదిలో ఫ్యాను తుపాను గాలిలా తిరుగుతుంది, మిగతా కాగితాలన్నీ ఎగురుతాయి, ఈ ఫైలొక్కటి పేపర్‌వెయిట్ లేకుండానే కదలదు. ఫైళ్ళల్లో స్థితప్రజ్ఞత అంటే అదీ.

ఇందుమతి గారు బి.ఏ. ఆఖరి ఏడాది వాళ్ళకు ఒక నవల చెబుతారు. విక్టోరియా రాణి గారి కాలం నాటిది. అందులో నాయిక లెటీషియా గ్రోవ్, పల్లెటూరి పాదిరి గారి కూతురు. ఇంటి పరిస్థితి చూసి, బట్టల మిల్లు యజమానిని చేసుకోవడానికి ఒప్పుకుంటుంది. తీరా పెళ్ళి రోజున, చుట్టాలంతా చర్చిలో కూర్చుని ఉండగా, పెళ్ళికొడుకు బహూకరించిన పట్టు చేతితొడుగులు తాపీగా విప్పి, మడతపెట్టి, బల్ల మీద ఉంచి, జోరు వానలో నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. ఎక్కడికయ్యా అంటే, మనసిచ్చిన ఓడ కప్తాను దగ్గరికి కూడా కాదు. వాడి ఓడ ఎప్పుడో లంగరెత్తింది. పక్క ఊళ్ళో బడి పెట్టుకుని పిల్లలకు లెక్కలు చెప్పుకుంటుంది. అంతే కథ. మన పిల్లలకు లెటీషియా అంటే నోరు తిరగదు గనక లత అంటారు. ఆ పేరుతో పిలిస్తే ఆవిడ మన వీధిలో మనిషిలాగే ఉంటుంది.

ఏటేటా పరీక్షలో ఒకటే ప్రశ్న: లెటీషియా నిర్ణయం బుద్ధితో తీసుకున్నదా, ఉద్వేగంతో తీసుకున్నదా, చర్చించుము. పిల్లలు చర్చించేవారు, మాస్టార్లు చదివో చదవకో మార్కులు వేసేవారు, లోకం తిరుగుతూ ఉండేది.

ఈ ఏడు విశ్వవిద్యాలయానికి నిష్పాక్షిక మూల్యాంకనం అనే జ్వరం తగిలింది. ప్రతి ప్రశ్నకూ ఒకే మాటలో జవాబు ఉండాలి, దిద్దేవాడికి ఆలోచించే ప్రమాదం ఉండకూడదు అన్నారు. పరీక్షల డీన్ వాయునందనరావు గారు మెకానికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు. అన్ని సబ్జెక్టులకూ కీ ఆయనే తయారుచేశారు. లెటీషియా ప్రశ్నలో ‘చర్చించుము’ తీసేసి, కీలో ‘బుద్ధి’ అని రాశారు. కీ అయితే తయారైంది గాని, అది ఏ తలుపుకో చూసుకోవడం ఆయన బాధ్యత కాదు.

ఫలితాలు వచ్చిన మర్నాడు లోలుగు రోహిణి అనే అమ్మాయి ఇందుమతి గారి గది ముందు నిలబడింది. అన్నీ పాసై, ఇంగ్లీషు ఒక్కటి తప్పింది. అదీ ఆ ఒక్క ప్రశ్నకు సున్నా పడడం వల్ల.

“నేను ‘రెండూ’ అని రాసీసేను మేడం,” అంది.

“ఎందుకు రాశావమ్మా?”

“మనసేమో వెళ్ళిపోమంది కదండి. బుర్రేమో, తొడుగులు ఇచ్చీసి వెళ్ళు, అవి నీవి కావు అంది. కోపంగా వెళ్ళిపోయే మనిషి మడతపెడతాదేటి మేడం? విసిరికొడతాది గాని.”

ఇందుమతి గారు ఆ నవల చెప్పడం మొదలుపెట్టాక తల నెరిసింది. ఆ మడత సంగతి ఆవిడకే ఎప్పుడూ తట్టలేదు.

“రీవాల్యుయేషన్ పెట్టావా?”

“పెట్టేను. రెండోసారి దిద్దినాయన కూడా కీ చూసే దిద్దీసేరు. బీఈడీలో సీటొచ్చింది మేడం. వినాయక చవితి లోపల సర్టిఫికెట్ చూపించకపోతే సీటు పక్కవాళ్ళకి ఇచ్చీస్తారట.”

ఇందుమతి గారు ఆ పూటే రిజిస్ట్రారు గారికి ఉత్తరం రాశారు. విషయం: ‘మిస్ లెటీషియా గ్రోవ్ నిర్ణయం బుద్ధియా, ఉద్వేగమా అను విషయమై పునఃపరిశీలన కోరుట’.

ఆవిడ చేసిన పొరపాటు అదే. ఆ విశ్వవిద్యాలయంలో ఉత్తరాలు చదివే ఆచారం లేదు. ‘విషయం’ అన్న గీత మీద ఏముందో చూసి సెక్షన్లకు పంచే ఆచారం ఉంది. అందులో మనిషి పేరు కనిపిస్తే క్రమశిక్షణ విభాగానికి, కనిపించకపోతే భవనాల విభాగానికి. తాతల నాటి పద్ధతి. సెలవడిగిన వాళ్ళు సంజాయిషీ ఇచ్చుకోవడం, సంజాయిషీ ఇచ్చుకున్నవాళ్ళ గోడలకు సున్నం పడడం అక్కడ మామూలే.

మూడో రోజుకు రిజిస్ట్రారు సర్వసిద్ధి నరహరిరావు గారి నుంచి పిలుపు వచ్చింది.

“రండి ఇందుమతి గారూ. మీ శాఖలో ఇంతటి ఘటన సంభవిస్తే సకాలంలో మా దృష్టికి తీసుకురాకపోవడం విచారకరం,” అన్నారాయన. ఆయన మామూలుగా మాట్లాడడం మానేసి చాలాకాలమైంది. ఇంట్లో కూర అడగవలసి వచ్చినా ‘తగు చర్య నిమిత్తం’ అంటారని ప్రతీతి.

“ఏం జరిగిందండీ?”

“లెటీషియా అను యువతి కల్యాణ వేదిక నుండి పూర్వానుమతి లేకుండా నిష్క్రమించినది. అవునా, కాదా?”

“ఆవిడ నవల్లో మనిషండీ.”

“ఆ నవల ఎక్కడిది?”

“సిలబస్‌లోదండీ.”

“సిలబస్ ఎవరిది?”

“యూనివర్సిటీదండీ.”

“మరి ఆవిడ విశ్వవిద్యాలయ పరిధిలోకి వచ్చినట్టే గదమ్మా.”

ఇందుమతి గారు ఊపిరి పీల్చుకుని, తను ఉత్తరం రాసింది రోహిణి మార్కుల గురించి అనీ, లెటీషియా అనే మనిషి ఎన్నడూ పుట్టలేదనీ, పుట్టని మనిషిని విచారించలేమనీ మొదటి నుంచి విడమరిచి చెప్పారు. రిజిస్ట్రారు గారు సాంతం విన్నారు. ఆయన తెలివితక్కువ మనిషేం కాదు, పూర్తిగా అర్థమైంది. అర్థం కావడం వేరు, ఆగడం వేరు.

“నాకూ తెలుసమ్మా, ఆమె కల్పితం. తెరిచిన ఫైలు కల్పితం కాదే. దానికి నంబరు పడిపోయింది. నంబరు పడ్డాక విచారణ జరగకుండా మూసే అధికారం నాకు గాని, వైస్ ఛాన్సలర్ గారికి గాని లేదు. చనిపోయిన ఉద్యోగి మీద చర్య తీసుకోవడానికి మన నిబంధనల్లో వెసులుబాటుంది. పుట్టని వ్యక్తి మీద తీసుకోరాదని ఎక్కడా లేదు.”

“మరి ఆ అమ్మాయి రోహిణి సంగతో?”

“ఆ మార్కులు విచారణ ఫలితానికి లోబడి ఉంటాయి. అన్నట్టు మీ పదోన్నతి కూడా. మీ శాఖ మీద విచారణ పెండింగులో ఉండగా...” అని ఆయన ఆ ఫైలు వంక ఆప్యాయంగా చూశారు.

విచారణ మొదలవక ముందే ఇందుమతి గారికి విచారం మొదలైంది.

మర్నాడు క్లాసు మధ్యలో అటెండరు గౌరినాయుడు తలుపు దగ్గర నిలబడ్డాడు. చేతిలో నోటీసు, చంకలో మైదా జిగురు డబ్బా.

“లెటీసమ్మ గారు ఎక్కడుంటారమ్మా?”

“పుస్తకంలో.”

“ఏ గదిలోని పుస్తకమమ్మా?”

“గౌరినాయుడూ, నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ లేదు.”

“నాకు తెలిసి ఏటి లాభవమ్మా. నోటీసు మనిసికియ్యాల. మనిసి దొరక్కపోతే ఆకరి సిరునామా మీద అంటించాల. అంటించి పోటో తియ్యాల. రూలు,” అంటూ బల్ల మీదున్న నవల తీసుకుని, అట్ట మీద జిగురు దట్టంగా పులిమి, నోటీసు అంటించి, సెల్లుతో ఫోటో తీశాడు. జిగురు అంచుల్లోకి దిగి పుస్తకం మరి తెరుచుకోలేదు. ఆ క్లాసు పిల్లలు సాహిత్యం వల్ల అంత ఆనందం ఎన్నడూ పొంది ఉండరు.

“ఇక్కడో సంతకం ఎట్టండి.”

“నేనెందుకు? నోటీసు ఆవిడకు గదా.”

“ఆయమ్మకి పెద్దదిక్కు మీరే గదమ్మా. తవరు ఎట్టకపోతే నన్ను మళ్ళీ తిప్పుతారు. మోకాళ్ళ నొప్పులు,” అన్నాడు దీనంగా.

అతని మోకాళ్ళ మీద జాలిపడి ఇందుమతి గారు సంతకం పెట్టారు. దాంతో రికార్డుల్లో ఆవిడ మిస్ లెటీషియా గ్రోవ్‌కు సంరక్షకురాలై పోయారు. పెళ్ళి చెడగొట్టుకున్న పిల్ల బాధ్యత నెత్తిన పడ్డాక ఆవిడకు సరిగ్గా నిద్ర పట్టలేదు. పట్టినా కలలో మిల్లు యజమాని వచ్చి పిలుపుల ఖర్చు అడిగేవాడు.

కమిటీ వేశారు. అధ్యక్షుడు వాయునందనరావు గారే. తను ఇచ్చిన కీ మీద ఫిర్యాదును తానే విచారిస్తే పక్షపాతం ఉండదని, ఎందుకంటే రెండు పక్షాలూ ఆయనేనని రిజిస్ట్రారు గారి నోట్. హృదయానికి సంబంధించిన కేసు గనక యూనివర్సిటీ డిస్పెన్సరీ డాక్టరు గారిని సభ్యుడిగా వేశారు. పెళ్ళి గనక లాయరు గారిని వేశారు. ఇంగ్లీషు వాళ్ళను మాత్రం వేయలేదు. వాళ్ళకు నవల మీద బంధుప్రీతి ఉంటుందట.

మొదటి సమావేశంలో పకోడీలు అయ్యాక డాక్టరు గారు మొదలుపెట్టారు. “చర్చి నుంచి బయటికి వచ్చేటప్పుడు పేషెంటు నాడి ఎంత?”

“రాయలేదండీ,” అన్నారు ఇందుమతి గారు.

“బీపీ?”

“అదీ రాయలేదండీ.”

“ఇంత లావు పుస్తకంలో బీపీ రాయలేదా? పోనీ షుగరు?” అని ఆయన తన కాగితం మీద ‘కేస్ షీట్ అసంపూర్ణం’ అని రాసుకున్నారు.

లాయరు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. “తొడుగులు తిరిగి అప్పగించినట్టు రసీదు పుచ్చుకుందా?”

“లేదండీ. బల్ల మీద పెట్టి వెళ్ళింది.”

“సాక్షులు?”

“చర్చి నిండా ఉన్నారండీ.”

“వాళ్ళ పేర్లు, చిరునామాలు మా ముందు దాఖలు చేయండి.”

వాయునందనరావు గారు చెయ్యెత్తి అందరినీ ఆపారు. ఆయనకు ఏ సమస్యనైనా మరలు విప్పి చూడడం అలవాటు. “ఇవన్నీ పక్కదారులండి. మౌలికాంశానికి వద్దాం. ఆ సమయంలో వాన పడుతున్నదా?”

“జోరుగా పడుతున్నదండీ.”

“ఆవిడ చేతిలో గొడుగు ఉందా?”

ఇందుమతి గారు గుర్తు చేసుకున్నారు. “గొడుగు మాట లేదండీ.”

“గొడుగు ఉంటే బుద్ధి. లేకపోతే ఉద్వేగం. ఇది కొలవదగిన ప్రమాణం. కీలో బుద్ధి అని ఉంది. కీ తప్పు కావడానికి వీల్లేదు, ఇచ్చింది నేను గనక. కాబట్టి ఆవిడ దగ్గర గొడుగు ఉండి తీరాలి.”

“పుస్తకంలో లేదండీ.”

“అది పుస్తకం లోపం. సవరణ చీటీ అచ్చువేయించి అంటిద్దాం. గౌరినాయుడి దగ్గర జిగురుంది గదా.”

ఈ గొడుగు సిద్ధాంతం వైస్ ఛాన్సలర్ గారికి మహా నచ్చింది. పై వారంలో సర్క్యులర్ వచ్చింది. ఇకపై విశ్వవిద్యాలయంలో తీసుకునే ప్రతి నిర్ణయమూ బుద్ధితోనా, ఉద్వేగంతోనా అన్నది ముందుగా ప్రకటించాలి. సెలవు చీటీల్లో దానికో గడి పెట్టారు. హాస్టల్ మెస్‌లో పెరుగు రెండోసారి వేయించుకునే వాళ్ళు కారణం చెప్పాలన్నారు. అధ్యాపకులంతా ఎండలోనూ వానలోనూ గొడుగుతోనే తిరగాలన్నారు. దూరం నుంచి చూసేవాళ్ళకు క్యాంపస్ నిండా మేధావులు పుట్టగొడుగుల్లా మొలిచినట్టు కనిపించేది.

అసలు దెబ్బ తెలుగు శాఖకు తగిలింది. ప్రబంధాల్లో అలిగిన నాయికలు, చిలకతో మొర పెట్టుకున్న నాయికలు, చందనం పూసినా చల్లారని నాయికలు ఎవరెవరో వివరాలు పంపమన్నారు. ఆ హెడ్డు గారు బెదిరిపోయి దీర్ఘకాలిక సెలవు పెట్టి, గడిలో ‘ఉద్వేగం’ అని రాశారు. ఉద్వేగంతో అడిగిన సెలవు చెల్లదని తిప్పి పంపారు. ‘బుద్ధి’ అని మార్చి పంపారు. ఇంత బుద్ధి ఉన్న మనిషిని వదులుకోలేమని మళ్ళీ తిప్పి పంపారు. ఆయన అప్పటి నుంచి గొడుగు కింద కూర్చుని మౌనంగా ఉంటున్నారు.

ఇంత ఉద్వేగంలోనూ విచారణకు మాత్రం వేగం లేదు. వినాయక చవితి దగ్గర పడింది. చవితి ముందు రోజున తుది సమావేశం అన్నారు. రోహిణి పొద్దున్నే బస్సు దిగి వచ్చి, కమిటీ గది బయట బల్ల మీద కూర్చుంది. బయట ముసురు పట్టి, వాన జోరందుకుంది.

ఇందుమతి గారు గొడుగు తలుపు మూల ఆనించి లోపలికి వెళ్ళారు. బల్ల మీద ఒక కాగితం సిద్ధంగా ఉంది.

“శుభం,” అన్నారు రిజిస్ట్రారు గారు. ఆయన ఆ రోజు స్వయంగా వచ్చారు. “సంరక్షకురాలి హోదాలో మీరొక ధ్రువీకరణ ఇవ్వాలి. ‘మిస్ లెటీషియా గ్రోవ్ ఘటన జరిగిన దినమున గొడుగుతో నిష్క్రమించినదని నాకు తెలిసినంత వరకు నిజమని’. అంతే. విచారణ ముగుస్తుంది. మధ్యాహ్నానికల్లా మీ పదోన్నతి మీద నేను సంతకం చేస్తాను.”

“రోహిణి?”

“కీ స్థిరపడుతుంది గదా. సున్నా కూడా స్థిరపడుతుంది.”

“వచ్చే ఏడు రాసుకుంటుందిలెండి,” అన్నారు డాక్టరు గారు పకోడీ తుంచుతూ. “చిన్నపిల్ల. గుండె గట్టిదే.”

ఇందుమతి గారు పెన్ను తీసుకున్నారు. అబద్ధం ఎందుకు ఆడకూడదో ఆవిడకు ఆ క్షణంలో చప్పున గుర్తు రాలేదు. రిటైరు కావడానికి ఎంతో కాలం లేదు. ఇన్నేళ్ళూ హెడ్డు కుర్చీలో అంచు మీదే కూర్చున్నారు, ఒక్కసారి వెనక్కి ఆనుకుని కూర్చోవాలని ఉంది. లేని మనిషి చేతిలో లేని గొడుగు పెడితే తడిసేదెవరు, ఎండేదెవరు? పెన్ను మూత తీశారు. తలుపు సందులోంచి రోహిణి కనిపించింది. ఆ పిల్ల తడిసిన చున్నీ విప్పి, నీళ్ళు పిండి, ఒళ్ళో పెట్టుకుని, అంచుకు అంచు కలిపి మడతపెడుతోంది.

ఇందుమతి గారు పెన్ను మూత పెట్టేశారు. మెడలోంచి ఐడీ కార్డు తీశారు. దాని నీలం రిబ్బను కార్డు చుట్టూ పొందికగా చుట్టి, ఆ ధ్రువీకరణ కాగితం మీద పెట్టారు.

“ఆవిడ దగ్గర గొడుగు లేదండీ,” అని లేచి బయటికి నడిచారు.

వరండా దాటారు. మెట్లు దిగారు. వానలోకి వచ్చి పది అడుగులు వేశారు. ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన పేజీలోకి తానే నడుస్తున్నట్టు గొప్పగా, తేలిగ్గా ఉంది. పదకొండో అడుగుకు తుమ్మొచ్చింది. ఆవిడకు సైనస్. తడిస్తే వారం రోజులు ముక్కుతో పాఠం చెప్పాలి.

వెనక్కి తిరిగి మెట్లెక్కి, వరండా దాటి, కమిటీ గది తలుపు తోసి, “క్షమించండి, గొడుగు,” అని మూలనున్న గొడుగు పుచ్చుకుని, మళ్ళీ వెళ్ళిపోయారు.

డాక్టరు గారు తుంచిన పకోడీ తిరిగి ప్లేటులో పెట్టేశారు.

ముందుగా తేరుకున్నది లాయరు గారు. “సంరక్షకురాలి ప్రవర్తన ప్రతివాదికి వర్తిస్తుంది. అది స్థిరపడిన న్యాయం.”

“వెళ్ళడం ఉద్వేగం,” అన్నారు డాక్టరు గారు. “మొహం ఎర్రబడింది, నేను చూశాను.”

“గొడుగు కోసం రావడం బుద్ధి,” అన్నారు వాయునందనరావు గారు నెమ్మదిగా. ఆయన మొహంలో యంత్రం విప్పాక ఒక మర మిగిలిపోయినవాడి దిగులు కనిపించింది. “ప్రమాణం ప్రకారం రెండూ నమోదయ్యాయి. ప్రమాణం తప్పు కావడానికి వీల్లేదు, ఇచ్చింది నేను గనక. కాబట్టి కీ సవరించవలసిందే.”

ఆ సాయంత్రమే కీ మారింది. ‘బుద్ధి’ అని రాసినవాళ్ళకు సగం మార్కులు, ‘ఉద్వేగం’ అని రాసినవాళ్ళకు సగం మార్కులు, ‘రెండూ’ అని రాసినవాళ్ళకు పూర్తి మార్కులు. ‘రెండూ’ అని రాసింది రోహిణి ఒక్కతే. సర్టిఫికెట్ పుచ్చుకునే ఆ రాత్రి బస్సెక్కింది. విశ్వవిద్యాలయ చరిత్రలో పొరపాటున న్యాయం జరగడం అదే మొదలు కావడంతో, బాధ్యులెవరో తేల్చడానికి వేరే ఫైలు తెరిచారు.

ఇందుమతి గారు ఐడీ కార్డు వదిలి వెళ్ళడం రాజీనామా కిందికి వస్తుందని రిజిస్ట్రారు గారు అభిప్రాయపడ్డారు. అయితే అది బుద్ధితో చేసినదా, ఉద్వేగంతో చేసినదా అన్నది తేలేదాకా ఆమోదించడానికి లేదు, నిరాకరించడానికి లేదు. అందాకా ఆవిడే ఇన్‌ఛార్జ్ హెడ్డు. ఆ కార్డు రిజిస్ట్రారు గారి బల్ల మీద, ఆవిడ పదోన్నతి ఫైలు మీద ఉంది. ఆ ఫైలుకు ఇన్నాళ్ళకు పేపర్‌వెయిట్ అమరింది.

చవితి వెళ్ళాక రోహిణి ఉండ్రాళ్ళ డబ్బా పట్టుకుని వచ్చింది. బీఈడీలో చేరిపోయింది. ఇందుమతి గారు కత్తితో నవల అట్ట ఊడదీసే ప్రయత్నంలో ఉన్నారు.

“మేడం, ఒకటి అడగనా? ఆ రోజు గొడుక్కోసం కావాలనే వెనక్కొచ్చీసేరా, వాళ్ళకి తెలియాలని?”

“లేదే తల్లీ. జలుబు చేస్తుందని.”

“మరి వెళ్ళిపోవడమో? అది కోపం వచ్చా, ఆలోచించా?”

ఇందుమతి గారు ఉండ్రం నోట్లో వేసుకుని నమిలారు.

“అది నన్నడక్కు. విచారణలో ఉంది.”